యానాంలో బండి ఎందుకు ఆగేది?

మీరు అడిగినవి రెండు విషయాలు. కాకినాడ నుంచి అమలాపురం వెళ్తుంటే ఒక కునుకు తీసి లేచేలోగా వచ్చి పోయే యానాం, వ్యాపారానికీ రోడ్డు రాకపోకలకూ అంత పేరున్న సరిహద్దు ఊరు ఎలా అయింది, గోదావరి పాయ గౌతమి మీద వంతెన వచ్చాక ఆ పేరులో ఏమైనా మిగిలిందా అన్నది మొదటిది. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చి యానాంలో వలలు, తాళ్లు, ఐసు పెట్టెల టోకు దుకాణం పెడితే గిట్టుబాటు అవుతుందా అన్నది రెండోది. రెండోదానికి జవాబు మొదటిదానిలోనే ఉంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నాది తాళ్ళరేవు. 1983 నుంచి ముప్పై ఏళ్లకు పైగా లారీ బుకింగు ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేశాను. సరుకు రసీదులు రాయడం, కిరాయి మాట్లాడటం, బండి దారిలో ఎక్కడ నిలిచిపోయిందో కనుక్కుని షావుకారుకు సర్దిచెప్పడం నా పని. చరిత్ర చదువుకున్నవాడిని కాను. బండి ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అన్నది మాత్రం బాగా తెలుసు. నా లెక్కలో సరిహద్దు ఊరు అంటే బండి ఆగే ఊరు. బండి ఆగితే డ్రైవరుకు టీ కావాలి, క్లీనరుకు భోజనం కావాలి, సరుకుకు కాపలా కావాలి, కాగితాలు చూసేవాడు కావాలి, వాడిని చూసుకునేవాడు కావాలి. ఊరు అలా పెరుగుతుంది. ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఆ ఊరి వ్యాపారం సగం తెలిసినట్టే.

తమిళనాడు పొలిమేర మీద తడలో, ఒడిశా పొలిమేర మీద ఇచ్ఛాపురంలో మా బండ్లు కాగితాల కోసం ఆగేవి. యానాంలో నీళ్ల కోసం ఆగేవి. ఈ తేడా బయటివాళ్లకు తెలియదు. యానాంకు రెండు సరిహద్దులు. ఒకటి ఆంధ్రకూ పుదుచ్చేరికీ మధ్య కాగితం మీద ఉన్న గీత. రెండోది గౌతమి. పత్రికలు ఎప్పుడూ గీత గురించే రాస్తాయి. ఊరికి ఎక్కువ కూడు పెట్టింది ఏరే అని నా అభిప్రాయం.

ముందు గీత సంగతి చెబుతాను.

పరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు, 1723లో ఇక్కడ కోఠీ, అంటే వ్యాపార స్థావరం, పెట్టారు. గిట్టుబాటు కాక 1727లో మూసేశారు. 1731లో మళ్లీ వచ్చారు. వాళ్లు ఈ చోటే ఎంచుకోవడానికి కారణం నేల కాదు, నీరు. గౌతమి నుంచి కోరంగి పాయ చీలే దగ్గర యానాం ఉంది. ఆ పాయనే ఆత్రేయ అని కూడా అంటారు. పాయ వెంట దిగితే కోరంగి రేవు, అది దాటితే కాకినాడ అఖాతం. పెద్ద ఓడ లోతు నీళ్లలో లంగరు వేసుకుని ఉంటే, సరుకు చిన్న పడవల్లో దాని దగ్గరకు చేరేది. ఇటు ఎగువ నుంచి ధాన్యం, బట్ట నది మీదుగా దిగేవి. ఏరూ సముద్రమూ రెండూ చేతికందే చోటు అది.

ఆ చోటు మీద కన్ను వేసినవాళ్లు పరాసులొక్కరే కాదు. యానాం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల బట్టల కోఠీ ఉండేది. కాకినాడ జగన్నాథపురంలో ఒలందులు, అంటే డచ్చివాళ్లు. ఇన్ని కంపెనీలు ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు కూర్చున్నాయంటే, చుట్టుపక్కల మగ్గాలు అన్ని ఉండేవి. నేతగాడికి ముందుగా డబ్బు ఇచ్చి బట్ట ఖాయం చేసుకోవడం ఆనాటి పద్ధతి. ఒక కోఠీవాడు ధర నొక్కితే పక్క కోఠీ ఉందన్న ధైర్యం నేతగాడికి ఉండేది. ఆ ధైర్యం ఉండకూడదనే కోఠీలవాళ్లు ఒకరి నేతగాళ్ల మీద ఒకరు కన్నేసి ఉంచేవారు. మా ఆఫీసు రోజుల్లో పక్క ఆఫీసువాడు కిరాయి యాభై రూపాయలు తగ్గించాడని తెలిస్తే మా యజమాని పడే బాధ చూసి, ఇంజరం దొర కూడా ఇలాగే బాధపడి ఉంటాడని నవ్వుకునేవాడిని.

ఐరోపాలో రెండు దేశాలకూ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాంను పట్టుకోవడం, సంధి కుదిరాక తిరిగి ఇచ్చేయడం కొన్నిసార్లు జరిగింది. 1814 పారిస్ సంధి తర్వాతే అది పరాసుల చేతిలో నిలిచింది. ఈ రేవు గుండా పోయిన సరుకుల్లో మనుషులు కూడా ఉన్నారన్నది మరిచిపోకూడదు. పద్దెనిమిదో శతాబ్దంలో బానిసలుగా, 1820ల చివరి నుంచి కూలీలుగా తెలుగువాళ్లను హిందూ మహాసముద్రంలోని దీవులకు ఓడలెక్కించారు. రీయూనియన్ దీవిలో ఇప్పటికీ వాళ్ల వారసులున్నారు.

తర్వాత మూడు దెబ్బలు పడ్డాయి. 1839 నవంబరు ఉప్పెన కోరంగిని ముంచేసింది. కోరంగి పాయ పూడిపోతూ వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద పడవలు తిరగడం మొదలై డెల్టా సరుకంతా కాకినాడ దారి పట్టింది. ఓడల రేవుగా యానాం పని అక్కడితో అయిపోయింది. ఊరికి మిగిలిందల్లా గీత. ఆ గీతకు అవతల ఒక చట్టం, ఇవతల ఇంకో చట్టం. ఆ తేడాను అమ్ముకుని బతకడం అప్పుడు మొదలైంది.

మా నాయనమ్మ కథ చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆమె పుట్టిల్లు రామచంద్రపురం దగ్గర పల్లె. బాల్య వివాహాలను నిషేధిస్తూ 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలి. ఆ చట్టం బ్రిటిషు ఇండియాలో చెల్లుతుంది, పరాసుల యానాంలో చెల్లదు. ఇంకేం, పెళ్లిళ్లన్నీ యానాం చేరాయి. మా నాయనమ్మకు తొమ్మిదో ఏట పెళ్లి. రెండు ఎడ్లబండ్లలో పెళ్లివారు, మూడో బండిలో బియ్యం, పప్పు, గుండిగలు, బాజాలవాళ్లు. రాత్రంతా నడిచి తెల్లారేసరికి గీత దాటి, ముహూర్తం కానిచ్చుకుని, మర్నాడు ఎవరి ఊరికి వాళ్లు తిరిగొచ్చారట. "తాళి పరాసుల ఊళ్లో, కాపురం ఇంగ్లీషువాళ్ల ఊళ్లో" అని ఆమె చెప్పుకుని నవ్వేది. ఆ నవ్వు నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. బండిలో నిద్రపోతున్న తనను పెళ్లిపీటల మీదకు ఎత్తుకుపోయారని కూడా ఆమే చెప్పేది.

యానాంను కల్యాణపురం అని పిలిచేవారంటే కారణం అదే. పురోహితులు, వంటవాళ్లు, విడిది ఇళ్లవాళ్లు, పూలవాళ్లు, బండి మేతవాళ్లు అందరికీ ఆ పెళ్లిళ్ల మీద రాబడి ఉండేది. చట్టం రెండు మైళ్ల అవతల ఆగిపోతే ఆ రెండు మైళ్ల దారి వ్యాపారమైపోతుంది. మంచి చట్టమైనా చెడ్డ చట్టమైనా అంతే.

మంగళవారం సంత కూడా అలాంటిదే. పరాసుల పాలనలో విదేశీ సరుకు మీద సుంకం లెక్క వేరు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మంగళవారం కోసం కాచుకుని ఉండేవారు. కొన్నది కొన్నట్టు బయటికి తేవడం కుదరదు, దారిలో కస్టమ్సువాళ్లుంటారు. కాబట్టి కట్టుకున్న చీర కింద ఇంకో చీర, గోనె సంచిలో కూరగాయల అడుగున ఇంకేదో. మా పెద్దలు సంత నుంచి వచ్చేటప్పుడు లావెక్కి వచ్చేవారని ఒక వేళాకోళం ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఈ దొంగ రవాణా ఇంకా పెరిగింది. చుట్టూ కాపలా కూడా పెరిగింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాం పాలనను చేతిలోకి తీసుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న మిగతా ఫ్రెంచి స్థావరాలు కూడా భారత్ చేతికి వచ్చాయి. చట్టరీత్యా బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. మీలాంటి కుర్రవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: రెండు వైపులా మన దేశమే అయ్యాక యానాంను ఆంధ్రలో ఎందుకు కలపలేదు? జవాబు 1956లో భారత్, ఫ్రాన్సు రాసుకున్న ఒప్పందంలో ఉంది. ఈ స్థావరాలకు ఉన్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగాలి, దాన్ని మార్చాలంటే అక్కడి ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే మార్చాలి అని అందులో రాసుకున్నారు. అందుకే పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నా ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా మిగిలాయి. యానాం బండ్ల మీద పీవై 04 అని ఉంటుంది. ఉత్తరాల మీద రాసే పిన్‌కోడు మాత్రం 533464, అంటే మన గోదావరి జిల్లాల వరుసే. టెలిఫోను కోడు కాకినాడదే. గీత ఎక్కడ ఉందో ఏ శాఖను అడిగితే ఆ శాఖ ఒక్కో మాట చెబుతుంది.

ఆ తర్వాత గీత మీద నడిచిన వ్యాపారం అందరికీ తెలిసిందే, కాబట్టి పొడిగించను. మద్యం, పెట్రోలు. రెండింటి మీదా పన్ను అక్కడ తక్కువ. 1995 జనవరిలో ఆంధ్రలో మద్య నిషేధం వచ్చినప్పటి నుంచి 1997లో ఎత్తేసేవరకు యానాం దుకాణాలు గోదావరి జిల్లాల దాహం తీర్చాయి. ఆ రెండేళ్లలో మా లారీలను ఆపి టూలు పెట్టె, స్టెప్నీ టైరు, టార్పాలిను పట్టా మడతలు కూడా వెతికేవారు. దానివల్ల కొందరు బాగుపడ్డారు, చాలా ఇళ్లు గుల్లయ్యాయి. దీన్ని యానాం వ్యాపార వైభవంగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెట్రోలు సంగతి వేరు. లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఉన్న రోజులు చూశాను. ఏ కాకినాడ కారైనా యానాంలో ట్యాంకు నింపుకోకుండా పోదు.

ఇక ఏరు సంగతి.

కోనసీమ మూడు వైపులా నీరున్న నేల. గౌతమి ఒక పక్క, వశిష్ఠ ఒక పక్క, కింద సముద్రం. అందులోంచి లోడు కాకినాడకు రావాలంటే మా బండ్లు పట్టేవి రెండు దారులు. రావులపాలెం, జొన్నాడ మీదుగా చుట్టు తిరిగి రావడం, లేదా ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి యానాంలో దిగడం. చుట్టుదారిన ముప్పై, నలభై కిలోమీటర్లు అదనం. రైలు ఊసే లేదు. కాకినాడ, కోటిపల్లి లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. 2004లో మళ్లీ వేశారు. యానాంకు ఈనాటికీ రైలు లేదు.

పంటు చూడనివాళ్లకు చెబుతాను. రెండు నావలను పక్కపక్కన కట్టి, వాటి మీద అడ్డంగా దుంగలు, పైన చెక్కలు పరిస్తే అది పంటు. కార్లు, వ్యానులు, ట్రాక్టర్లు, లోడు తేలికైతే లారీ కూడా ఎక్కేది. రేవు ఒడ్డున రెండు చెక్క పలకలు వేసి దాని మీదుగా బండిని ఎక్కిస్తారు. ముందు చక్రాలు పలక ఎక్కగానే పంటు ఆ పక్కకు ఒరుగుతుంది. అప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కితే బండి వెనక్కి జారుతుంది, తొక్కకపోతే అవతలి వైపు నీళ్లలోకి పోతుంది. కొత్త డ్రైవర్లు స్టీరింగు వదిలి దిగిపోయేవారు. రేవులో పని చేసే కళాసీ ఒకడు, లైసెన్సు ఉందో లేదో దేవుడికెరుక, పది రూపాయలు తీసుకుని బండి ఎక్కించిపెట్టేవాడు. నా లెక్కలో యానాం వ్యాపారమంటే అదీ.

సముద్రం దగ్గర కాబట్టి అక్కడ గౌతమికి పోటు, పాటు ఉంటాయి. పోటు మీద నీరు నిండుగా ఉంటే పంటు తిన్నగా పోతుంది. పాటు సమయంలో ఇసుక మేటలు పైకి తేలతాయి. సరంగు, అంటే పంటు నడిపేవాడు, వాటిని చుట్టుకుంటూ పోవాలి. మేటలు ప్రతి వరద తర్వాతా చోటు మారతాయి కాబట్టి నిరుడు తెలిసిన దారి ఈ ఏడు పనికిరాదు. వరదల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పంటు ఆపేసేవారు. 1986 ఆగస్టు వరదలో ఇటు బండ్లు ఇటే, అటు బండ్లు అటే రోజుల తరబడి నిలిచిపోయాయి. మామూలు రోజుల్లో కూడా గంటన్నర నిలవకుండా దాటిన గుర్తు నాకు లేదు.

ఆ గంటన్నర యానాంకు జీతం. బస్సు కాకినాడ నుంచి వచ్చి ఇవతల ఆగిపోయేది. జనం దిగి లాంచీ ఎక్కి అవతల ఇంకో బస్సు పట్టుకునేవారు. పెద్దాసుపత్రికి పోయే రోగులు, కాలేజీ పిల్లలు, కావిళ్లతో వియ్యాలవారు, అందరూ రేవు ఒడ్డున కాసేపు కూర్చోవలసిందే. టీ కొట్లు, పునుగుల బండ్లు, సోడాలు, సైకిలు స్టాండు, పంక్చర్ల దుకాణం, రాత్రి లాంచీ తప్పినవాళ్లకు నులకమంచాలు. రేవును ఏటా వేలంలో పాడుకునేవారు. పాట పాడుకున్నవాడు ఊళ్లో పెద్దమనిషి. కోనసీమ కొబ్బరికాయ కాకినాడలో ఏ ధర పలుకుతుందో తెలియాలంటే రేవులో పది నిమిషాలు నిలబడితే చాలు, దాటివచ్చినవాడు చెప్పేసేవాడు. అప్పట్లో మాకు ఫోను కన్నా రేవే ముందు.

ఒక తెల్లవారుజాము సంగతి చెబుతాను. 1993 డిసెంబరు అనుకుంటాను. టైగర్ రొయ్య అప్పుడే ఊపందుకుంది. కోనసీమ చెరువుల నుంచి ఒక వ్యాను లోడు కాకినాడ చేరాలి. నేను ఆ వ్యానులోనే ఉన్నాను, డబ్బు పుచ్చుకుని రావడానికి. ఎదుర్లంక రేవుకు మూడున్నరకు వచ్చాం. పొగమంచు. నాలుగున్నరకు పంటు కదిలింది. ఏటి నడుమకు వచ్చేసరికి కింద ఇసుక గీరుకున్న చప్పుడు, పంటు ఆగిపోయింది. పాటు ఇంకా దిగుతోంది. సరంగు గడ వేసి చూసి, "పోటొచ్చేదాకా ఇంతేనండి" అని బీడీ ముట్టించాడు. పెట్టెల అడుగున ఐసు నీళ్లు కారి చెక్కల సందుల్లోంచి గౌతమిలోకి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. క్లీనరు కుర్రవాడు ఊక బస్తా విప్పి పెట్టెల మీద పోసి పైన తడి గోనెలు కప్పాడు. అంతకు మించి చేయగలిగింది లేదు. యానాం దీపాలు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి, ఈత వచ్చినవాడైతే వెళ్లిపోగలిగినంత దూరం. మూడు గంటలు అలాగే కూర్చున్నాం.

కాకినాడలో కంపెనీ మనిషి మూత ఎత్తి ఒక రొయ్యను తీసి, తలకూ మొండేనికీ మధ్య బొటనవేలితో నొక్కాడు. తల ఊగింది. ఇంకోటి తీశాడు. దాని తల అంచు నల్లబడింది. ఏమీ మాట్లాడకుండా చీటీ మీద ధర కొట్టేసి ఇంకో ధర రాశాడు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో అప్పుడు నోటి లెక్క కట్టాను. మా గుమాస్తా జీతంతో నాలుగు నెలలు. సరుకు పాడుచేసింది గీత కాదు. ఏ చెక్ పోస్టువాడూ మమ్మల్ని ఆపలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను ఆ ఏటి రెండు ఒడ్లనూ నేలమట్టం చేసింది. తీర గ్రామాల మత్స్యకారులు వందల మంది చనిపోయారు. కోనసీమలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. ఆ తర్వాత రోజుల్లో సాయం సరుకు ఏరు దాటించడానికి పడిన పాట్లు చూశాక వంతెన వద్దనే నోరు ఊళ్లో ఒక్కటి కూడా లేకపోయింది. అంతకుముందు అలాంటి నోళ్లు కొన్ని ఉండేవి, ముఖ్యంగా రేవు మీద బతికేవాళ్లవి. అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. యానాం, ఎదుర్లంక వంతెన 2002లో అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే ఆయన హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. వంతెనకు ఆయన పేరే పెట్టారు. కత్తిపూడి దగ్గర బయలుదేరి కోనసీమ మీదుగా, మచిలీపట్నం మీదుగా ఒంగోలు చేరే ఇప్పటి 216 నంబరు జాతీయ రహదారి ఆ వంతెన మీదుగానే పోతుంది.

గంటన్నర కాస్తా అయిదు నిమిషాలకు దిగింది. రొయ్యల వ్యాను ఇప్పుడు ఐసు కరగకముందే కాకినాడ చేరుతుంది. కోనసీమ రైతుకు, చెరువు యజమానికి, ఆసుపత్రికి పోయే గర్భిణికి అది ఎంత మేలో లెక్క కట్టలేం. యానాంకు మాత్రం బండి ఆగడం మానేసింది. మొదటి ఏడాదే రేవు కొట్లు సగం మూతపడ్డాయి. సోడాలవాడు వంతెన మొదట్లోకి బండి మార్చుకున్నాడు కానీ అక్కడ ఎవరూ ఆగరు. కళాసీ కుర్రాళ్లలో కొందరు కాకినాడ రేవులో పనికి పోయారు. ఊరు పాడైపోయిందని చెప్పను. కొత్త రోడ్లు, ఏటి ఒడ్డున పార్కులు, సాయంత్రం షికారు జనం, నేల ధరలు, అన్నీ పెరిగాయి. కాకపోతే అది ఇప్పుడు దారిలో తగిలే ఊరు. మజిలీ ఊరు కాదు.

గీత మాత్రం ఉంది. మీ రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేశాం.

జీఎస్టీకి ముందు గీత ఎలా ఇబ్బంది పెట్టేదో నా మీదకు వచ్చినదే చెబుతాను. వలల తాళ్లు ఒక లోడు, నిజంగా చేరవలసింది గీతకు ఇవతల ఆంధ్ర వైపున ఉన్న దుకాణానికి. పంపినవాళ్ల గుమాస్తా బిల్లు మీద ఊరి పేరు బదులు 'యానాం' అని రాసేశాడు, పెద్ద ఊరు కదా అని. చెక్ పోస్టులో అది పక్క రాష్ట్రానికి పోయే సరుకు అయిపోయింది. పక్క రాష్ట్రం అమ్మకానికి చూపాల్సిన సి-ఫారం ఏదీ అన్నారు. లేదు, ఎందుకంటే అది పక్క రాష్ట్రం సరుకే కాదు. రెండు రోజులు బండి అక్కడే. డ్రైవరు రోజుకు రెండుసార్లు ఫోను చేసి నన్ను తిట్టాడు, న్యాయంగానే. దుకాణందారు సైకిలు మీద వచ్చి చూసి పోయేంత దగ్గరలో ఆ లోడు నిలిచి ఉంది.

2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆ చెక్ పోస్టులను తీసేసింది. గీత రోడ్డు మీద నుంచి లేచి బిల్లు పుస్తకంలో కూర్చుంది, అంతే తేడా. మీరు యానాంలో దుకాణం పెడితే మీ జీఎస్టీ నంబరు 34తో మొదలవుతుంది, అది పుదుచ్చేరి కోడు. తాళ్ళరేవు దుకాణందారుది, ముమ్మిడివరం దుకాణందారుది 37, ఆంధ్ర కోడు. మీరు వాళ్లకు వల అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, దానికి వేసే పన్ను ఐజీఎస్టీ వేయాలి. సరుకు విలువ యాభై వేలు దాటితే బండి వెంట ఉండాల్సిన రవాణా చీటీ, ఈ-వే బిల్లు, కావాలి, దూరం వంతెన పొడుగంతే అయినా సరే.

అసలు కిటుకు ఇంకోటి. ఆంధ్రలో సరుకు అమ్మేవాడికి ఏడాదికి నలభై లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషను అక్కర్లేదు. పుదుచ్చేరిలో ఆ పరిమితి ఇరవై లక్షలే. అంతకన్నా ముఖ్యం, పక్క రాష్ట్రానికి సరుకు అమ్మేవాడు టర్నోవరు ఎంతైనా రిజిస్టరు కావాలి. చిన్న వ్యాపారులకు లెక్కలు తేలికగా ఉండే కాంపొజిషన్ పథకం ఉంది కదా, అందులో ఉన్నవాడు పక్క రాష్ట్రానికి అమ్మడానికే వీల్లేదు. కాకినాడలో ఉన్న దుకాణదారు కాంపొజిషన్‌లో ఉండి జిల్లా అంతా అమ్ముకోవచ్చు. యానాంలో అదే దుకాణం పెట్టినవాడు కాంపొజిషన్‌లో ఉంటే ఊరు దాటి టోకుకు అమ్మలేడు. ఇది తెలియక దుకాణం తెరిచి, ఆరు నెలల తర్వాత ఆడిటరు దగ్గర తల పట్టుకున్న మనిషిని నేను ఎరుగుదును. విడిగా వచ్చి కౌంటరు దగ్గర డబ్బిచ్చి వల భుజాన వేసుకుపోయే జాలరికి ఈ గొడవ లేదు, బిల్లు మీద ఆంధ్ర అడ్రసు రాయకపోతే అది ఊరిలోపలి అమ్మకమే. జీఎస్టీ నంబరు వేసి బిల్లు అడిగే దుకాణదారుతోనే గొడవ.

కాబట్టి దుకాణానికి గది చూసే ముందు ఒక కాగితం తీసుకోండి. మీ దగ్గర కొనేవాళ్ల పేర్లు తెలిసినంతవరకు రాయండి. యానాం, దరియాలతిప్ప జాలర్లు ఎంతమంది, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వాళ్లు ఎంతమంది, కోనసీమ చెరువులవాళ్లు ఎంతమంది, వాళ్లలో చిల్లర ఎవరు, తిరిగి అమ్ముకునే దుకాణదారులు ఎవరు. చిల్లర కొనేవాళ్లు, అందులో యానాంవాళ్లు ఎక్కువగా తేలితే యానాంలోనే పెట్టండి. మంగళవారం సంతకు ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తారు, ఆ రోజు కౌంటరు బాగా నడుస్తుంది. టోకు ఎక్కువగా తేలితే వంతెన దాటకండి, ఎదుర్లంకలో చూడండి. మీ ముమ్మిడివరం నుంచి అదే దగ్గర, ఆంధ్ర కోడు, జాతీయ రహదారి గుమ్మం ముందే, అద్దె కూడా యానాం అంత ఉండదు. యానాం జాలరికి వంతెన మీదుగా రావడం భారం కాదు, పెట్రోలు వాళ్ల ఊళ్లో చవకే.

ఐసు పెట్టెల విషయంలో ఒక్క మాట. అడుగున నీరు పోయే కన్నానికి బిరడా గట్టిగా ఉన్న రకమే తెప్పించండి. వంతెన ఉన్నా లేకపోయినా రొయ్య కొనేవాడు ఇప్పటికీ తల నొక్కే చూస్తాడు.